లైటు వెలిగితే సెన్సర్ మార్చడమేనా?

మోటారు వాహనాల కాలుష్యాన్ని అదుపు చేయడంలో దేశం సాధించిన ప్రగతి తక్కువేమీ కాదు. 1999 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలతో జాతీయ రాజధాని ప్రాంతంలో మొదలైన యూరో ప్రమాణాల అమలు, 2020 ఏప్రిల్ 1 నాటికి దేశమంతటా భారత్ స్టేజ్-6 దాకా వచ్చింది. ఈ క్రమంలో కార్లలో కార్బురేటర్ తెరమరుగైంది. దాని స్థానాన్ని సెన్సర్లు, వాటి లెక్కలను బట్టి ఇంధనాన్ని విడుదల చేసే కంప్యూటర్ ఆక్రమించాయి. అయితే ఆ సెన్సర్లు మొరాయించినప్పుడు లోపాన్ని ఎవరు, ఏ సమాచారం ఆధారంగా కనిపెట్టాలన్న ప్రశ్నకు మాత్రం అంతటి ప్రాధాన్యం లభించలేదు.

ఇంజన్‌లోకి వెళ్లే గాలిని కొలిచే సెన్సర్ ఇందుకు చక్కని ఉదాహరణ. ఎయిర్ ఫిల్టర్ దాటిన వెంటనే గొట్టంలో అమర్చే ఈ పరికరంలో ఒక సన్నని తీగనో, పలుచని పొరనో విద్యుత్తుతో వేడి చేస్తారు. గాలి ఎంత ఎక్కువగా వీస్తే అది అంతగా చల్లబడుతుంది. దానిని తిరిగి వేడెక్కించడానికి కావలసిన కరెంటే గాలి పరిమాణానికి కొలత. పెట్రోలు పూర్తిగా మండడానికి ఒక పాలు ఇంధనానికి దాదాపు 14.7 పాళ్ల గాలి అవసరం గనుక, ఈ కొలత తప్పితే తక్కినవన్నీ తప్పుతాయి. పికప్ తగ్గుతుంది, మైలేజీ పడిపోతుంది. డీజిల్ వాహనాల్లో పొగను అదుపులో ఉంచే లెక్కలు కూడా దీనిపైనే ఆధారపడతాయి. (చాలా చిన్న పెట్రోలు కార్లలో ఈ సెన్సర్ ఉండనే ఉండదు. గాలి పీడనాన్ని కొలిచి లెక్క కడతారు. లేని సెన్సర్‌ను అనుమానించే షెడ్లు లేకపోలేదు.)

డ్యాష్‌బోర్డుపై లైటు వెలుగుతుంది, స్కానర్ పి0101 అనే కోడ్ చూపుతుంది. సెన్సర్ పోయిందని తీర్పు చెప్పి కొత్తది బిగించడం అటు అధీకృత వర్క్‌షాపుల్లోనూ, ఇటు రోడ్డు పక్క షెడ్లలోనూ కనిపించే ధోరణి. నిజానికి ఆ కోడ్ అర్థం వేరు. సెన్సర్ చెబుతున్న లెక్కకూ, ఇంజన్ వేగాన్ని బట్టి ఉండవలసిన లెక్కకూ పొంతన లేదని మాత్రమే అది చెబుతుంది. సెన్సర్‌కు ఇవతల గొట్టం చిరిగినా, క్లాంపు వదులైనా, ఫిల్టర్ మూసుకుపోయినా, కనెక్టర్‌లో తుప్పు పట్టినా అదే కోడ్ రావచ్చు.

అసలు దోషి ఎవరో తేల్చే మార్గం లేకపోలేదు. పెట్రోలు ఇంజన్లలో ఆక్సిజన్ సెన్సర్ ఇచ్చే సమాచారంతో కంప్యూటర్ ఇంధనాన్ని ఎంత హెచ్చిస్తున్నదో, ఎంత తగ్గిస్తున్నదో మామూలు స్కానర్‌లోనే కనబడుతుంది. నిలిచి ఉన్నప్పుడు ఎక్కువగా ఉన్న హెచ్చింపు, వేగం పెంచితే తగ్గిపోతే, గాలి ఎక్కడో దొంగదారిన లోపలికి వస్తున్నదని అర్థం. అందుకు భిన్నంగా వేగంతో పాటు హెచ్చింపు పెరుగుతూ పోతే, తీగపై దుమ్ము పేరుకొని సెన్సర్ తక్కువ లెక్క చెబుతున్నదని అనుమానించాలి. అప్పుడైనా మార్చడం కంటె ముందు, ఇందుకోసమే తయారైన స్ప్రేతో శుభ్రపరచి చూడవచ్చు. గుడ్డతో తుడిచి తీగ తెంపే మెకానిక్కుల సంగతి వేరే చెప్పనక్కరలేదు.

కనుక కొరత పరికరానిది కాదు, పరిజ్ఞానానిది, సమాచారానిది. విజయవాడ ఆటోనగర్ మొదలు చెన్నై పుదుపేట, ఢిల్లీ కాశ్మీరీ గేట్ వరకు వేలాది కుటుంబాలు మరమ్మతులపైన, విడిభాగాలపైన బతుకుతున్నాయి. వీటికి వివరాలు అందకపోవడం కాకతాళీయం కాదు. విడిభాగాలను, లోపాలను పరీక్షించే సాధనాలను బయటి మెకానిక్కులకు దక్కనివ్వడం లేదని తేల్చి కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలపై సుమారు 2,544 కోట్ల రూపాయల జరిమానా విధించింది. వాటిని బహిరంగ మార్కెట్‌లో అందుబాటులో ఉంచాలని ఆదేశించింది. కంపెనీలు న్యాయస్థానాలను ఆశ్రయించాయి. మరమ్మతు హక్కుపై కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో కమిటీని నియమించి, వాహన రంగాన్నీ అందులో చేర్చింది. అదే ఏడాది డిసెంబరులో ఒక పోర్టల్‌ను ప్రారంభించింది.

భద్రతకు భంగం కలుగుతుందన్న కంపెనీల వాదనను బ్రేకులు, ఎయిర్‌బ్యాగుల విషయంలో కొంతవరకు ఒప్పుకోవచ్చు. గాలి లెక్కకు అది వర్తించదు. ప్రతి ఇంజన్‌కూ నిలిచి ఉన్నప్పుడు సెకనుకు ఎన్ని గ్రాముల గాలి వెళ్లాలి, మూడు వేల చుట్ల వద్ద ఎంత ఉండాలి అన్న చిన్న పట్టికను యజమానికిచ్చే పుస్తకంలోనే అచ్చు వేయవచ్చు. కాలుష్య ప్రమాణాలను తప్పనిసరి చేసిన ప్రభుత్వానికి, ఆ ఒక్క పేజీని తప్పనిసరి చేయడం అసాధ్యమేమీ కాదు.