నడిచేవారికి లైన్ క్లియర్ ఎవరిస్తారు?

రైల్వేలో పనిచేసినవారు వినడానికి ఇష్టపడని మాట ఒకటున్నది: "బండి ఎక్కడున్నదో తెలియదు." ఒక స్టేషను నుంచి బండి కదలాలంటే ముందున్న స్టేషను లైన్ క్లియర్ ఇవ్వాలన్నది పాత పద్ధతి. బండి చేరిన వేళను స్టేషన్ మాస్టరు కంట్రోలుకు చెబుతాడు. సెక్షన్ కంట్రోలరు దానిని చార్టు మీద గుర్తిస్తాడు. పూర్వం అది కాగితం మీద పెన్సిలు గీత. నేడు కంప్యూటరు తెర మీద గీత. ఆ గీత ముందుకు సాగుతున్నంతసేపు మనసు నిమ్మళంగా ఉంటుంది.

బిలాస్‌పూర్ ఇటువంటి గీతల మధ్య పెరిగిన పట్టణం. పందొమ్మిదో శతాబ్దం చివర బెంగాల్-నాగపూర్ రైల్వే దీనిని జంక్షనుగా చేసింది. ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు రైల్వే ఉద్యోగాల కోసం ఇక్కడికి చేరి స్థిరపడ్డాయి. 1931లో విజయనగరం-రాయపూర్ మార్గం పూర్తయిన తరువాత ఆ రాకపోకలు సుగమమయ్యాయి. 2003 నుంచి ఇది ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం. ఎదురుచూపు కూడా ఈ ఊరికి కొత్త కాదు. రవీంద్రనాథ ఠాగూరు 'ఫాంకి' అనే కవితలో దంపతులు బండి మారడానికి ఆరు గంటలపాటు వేచి ఉన్నది ఈ స్టేషనులోనే.

ఈ రైల్వే కాలనీలలో ఒక తండ్రిని ఊహించుకుందాం. కంట్రోలు ఆఫీసులో జీవితమంతా బండ్ల జాడ తీసి, పదవీ విరమణ చేసినవాడు. ఇరవైయారేళ్ల కుమార్తె ఒక సాయంత్రం అతని ఎదుట కూర్చుని, "నాన్నా, నేను నర్మద చుట్టూ కాలినడకన తిరిగి వస్తాను" అన్నది.

"ఎన్నాళ్లు పడుతుందమ్మా?"

"అయిదారు నెలలు."

తల్లి ఏమీ అనలేదు. కానీ కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటేనన్న పాత సామెత ఆమె మనసులో మెదలకుండా ఉంటుందా?

బిలాస్‌పూర్ బిడ్డకు ఈ కోరిక కలగడంలో వింత లేదు. కట్ని వైపు పోయే బండి ఎక్కితే సుమారు 100 కిలోమీటర్ల దూరంలో పెండ్రా రోడ్ స్టేషను వస్తుంది. అక్కడి నుంచి కొండదారిన పోతే, రాష్ట్ర సరిహద్దు దాటగానే మధ్యప్రదేశ్‌లోని అమరకంటకం. సముద్రమట్టానికి వెయ్యి మీటర్లకు పైబడిన ఆ పీఠభూమి మీద నర్మద పుడుతుంది. 1312 కిలోమీటర్లు పడమరగా ప్రవహించి, భరూచ్ దాటి ఖంభాత్ సింధుశాఖలో కలుస్తుంది. ఆ నదికి ప్రదక్షిణం చేయడమే నర్మదా పరిక్రమ. నదిని ఎల్లప్పుడూ కుడిచేతి వైపు ఉంచుకొని నడవాలి. మధ్యలో ఎక్కడా దానిని దాటరాదు. సంప్రదాయం ప్రకారం వానాకాలపు నాలుగు నెలలూ ఒకచోట ఆగుతూ చేస్తే మూడు సంవత్సరాల మూడు నెలల పదమూడు రోజులు పడుతుంది. నేడు చాలామంది కార్తిక శుద్ధ ఏకాదశి తరువాత బయలుదేరి, ఎండలు ముదిరేలోగా ముగించాలని చూస్తారు. నది పొడవును రెండింతలు చేస్తేనే 2600 కిలోమీటర్లు దాటుతుంది. బర్గీ, ఇందిరా సాగర్, సర్దార్ సరోవర్ వంటి జలాశయాలు పాత బాటలను ముంచివేసినందున చుట్టుదారులు కలిసి నడక ఇంకా పెరుగుతుంది.

తండ్రి పటం తెచ్చి బల్ల మీద పరచాడు. అమరకంటకంలో మొదలుపెట్టినవారు దక్షిణపు ఒడ్డున పడమరకు నడుస్తారు. నర్మదాపురం వస్తుంది, ఓంకారేశ్వరం వస్తుంది. మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, గుజరాత్ కలిసే చోట శూలపాణి ఝాడీ అనే కొండల అడవి వస్తుంది. ఆ అడవిలో యాత్రికుల సామాను, ఒంటి మీది బట్టలు కూడా దోచుకొనేవారని పాత కథనాలు చెబుతాయి. అది దాటి సముద్రం చేరాక, ఆటుపోటులను బట్టి నడిచే పడవలో సంగమాన్ని చుట్టి ఉత్తరపు ఒడ్డుకు చేరాలి. ఆ పడవ ప్రయాణం వరకు వేసే ప్రతి అడుగూ బిడ్డను ఇంటికి దూరం చేస్తుంది. ఆ తరువాత ప్రతి అడుగూ దగ్గర చేస్తుంది.

అతడు మొదట కోరింది సహజమైన కోరికే: ప్రతిరోజూ ఫోను చేయాలి, ఎక్కడున్నదీ తెలియజేస్తూ ఉండాలి. కుమార్తె ఒప్పుకోలేదు. అది మొండితనం కాదు. పరిక్రమలో కొండల వెనుక సంకేతం అందని పల్లెలున్నాయి. విద్యుత్తు లేని రాత్రులున్నాయి. రోజూ మాట్లాడతానని మాట ఇచ్చి ఒక్కరోజు తప్పితే ఇల్లంతా కలవరపడుతుంది. రెండుసార్లు అలా కలవరపడి, రెండుసార్లూ ఏమీ కాలేదని తెలిశాక, మూడోసారి నిజంగా ఆపద వచ్చినా ఎవరూ కదలకపోవచ్చు. అంతకు మించిన మాట మరొకటున్నది. దొరికినది తిని, చోటున్నచోట పడుకొని, ముందున్న దారిని నమ్మి నడవడమే ఆ వ్రతం. ప్రతి సాయంత్రం ఇంటికి జవాబు చెప్పుకోవలసినవారు ఇల్లు విడిచి వెళ్లినట్లు కాదు.

అయితే అసలు జాడే లేకుండా వెళ్లనివ్వడం ప్రేమ అవుతుందా? ఈ ప్రశ్నకు అమెరికాలో జరిగిన ఒక విషాదం సమాధానం చెబుతుంది.

అక్కడ దూరపు నడకలు ఒక సంప్రదాయంగా మారాయి. జార్జియా నుంచి మెయిన్ వరకు 14 రాష్ట్రాల మీదుగా సుమారు 3500 కిలోమీటర్లు సాగే అపలాచియన్ బాటను ఒకే యాత్రగా మొదట నడిచినట్లు గుర్తింపు పొందినవాడు ఎర్ల్ షాఫర్, అది 1948లో. ఆ బాటన నడిచేవారి తల్లిదండ్రులు తిండిసామాను పెట్టెలలో కట్టి, దారిలోని తపాలా కార్యాలయాలకు ముందుగానే పంపడం ఆనవాయితీ. పెట్టె అందుకున్నారంటే అక్కడి వరకు క్షేమమేనన్నమాట.

దానికి ముందే, 1934లో, లాస్ ఏంజెలెస్ కుటుంబానికి చెందిన ఎవెరెట్ రూస్ అనే ఇరవై ఏళ్ల యువకుడు యూటా రాష్ట్రపు ఎడారి లోయలలో ఒంటరిగా తిరుగుతూ ఉండేవాడు. చిత్రాలు గీసేవాడు, ఇంటికి ఉత్తరాలు వ్రాసేవాడు. నవంబరులో ఎస్కలాంటే అనే ఊరి నుంచి రెండు గాడిదలతో బయలుదేరుతూ, మళ్లీ తపాలా కార్యాలయం చేరేసరికి ఒకటి రెండు నెలలు పట్టవచ్చునని తెలియజేశాడు. తల్లిదండ్రులు ఆ మాట మన్నించి వేచి ఉన్నారు. తాము పంపిన ఉత్తరాలు ఎవరూ తీసుకోనందున తిరిగి వచ్చినప్పుడు గాని వారికి భయం పుట్టలేదు. 1935 ఫిబ్రవరిలో వారు విచారణ మొదలుపెట్టారు. మార్చిలో వెదకినవారికి గాడిదలు దొరికాయి, అతడు దొరకలేదు. 2009లో కొన్ని ఎముకలు అతనివేనని ప్రకటించినా, తరువాతి పరీక్షలు అది నిజం కాదని తేల్చాయి.

ఆ తల్లిదండ్రులను తప్పు పట్టడానికి లేదు. కొడుకు స్వేచ్ఛను గౌరవించినవారు వారు. లోపం గడువులో ఉన్నది. "ఒకటి రెండు నెలలు" అన్న మాటకు అంచు లేదు. ఏ రోజున చింత మొదలు కావాలో ఆ ఇంటిలో ఎవరికీ తెలియదు. ఆ అంచు తెలిసేసరికి చలికాలం గడిచిపోయింది.

ఇక్కడ బిలాస్‌పూర్ తండ్రికి తన ఉద్యోగమే దారి చూపింది. రైల్వే నియమావళిలో ఆలస్యమైన బండ్ల గురించి ఒక సూత్రమున్నది. వెనుక స్టేషను నుంచి రావడానికి మామూలుగా పట్టే వ్యవధి దాటి పది నిమిషాలైనా ప్రయాణికుల బండి చేరకపోతే, ఇరవై నిమిషాలైనా గూడ్సు బండి చేరకపోతే, స్టేషన్ మాస్టరు ఆ సంగతి వెంటనే వెనుక స్టేషనుకు, కంట్రోలుకు తెలియజేయాలి. ఈ సూత్రంలో రెండు ముఖాలున్నాయి. పదకొండో నిమిషాన ఊరకుండడానికి వీలులేదు. ఆ గడువు నిండకముందు గాభరా పడవలసిన అవసరమూ లేదు. బండి బయలుదేరిన క్షణం నుంచే భయపడేవాడు ఆ కుర్చీలో ఒక్క రాత్రి కూడా పనిచేయలేడు.

తండ్రీకూతుళ్లు కూర్చుని నడకకు కూడా అటువంటి సూత్రం వ్రాసుకున్నారు. అయిదు రోజులకొకసారి, తన ఫోను పనిచేయకపోతే ఎవరి ఫోను నుంచైనా సరే, ఆమె ఒక్కమాట చెబుతుంది. కొండలకు, ఛార్జింగు అందని రాత్రులకు మరి రెండు రోజులు అదనం. ఏడో రోజు సూర్యాస్తమయం వరకు ఎవరూ ఎవరినీ వేధించరు. అది దాటితే తండ్రి ఒక్క గంట కూడా ఆగడు. ముందుగా ఆమె చివరిసారి బస చేసిన ఆశ్రమానికి, ఆ తరువాత దారిలో ముందున్న ఆశ్రమానికి, అక్కడా జాడ లేకపోతే ఆ జిల్లా పోలీసులకు ఫోను చేస్తాడు. ఈ వరుసంతా ఒక కాగితం మీద వ్రాసి టెలిఫోను పక్కన అంటించారు. దారి మార్చుకుంటే మాత్రం, మార్చుకున్న రోజునే చెప్పాలి. కుమార్తె ఇచ్చిన మాట అంతే. తండ్రి ఇచ్చిన మాట అంతకంటె కష్టమైనది: ఆ లోగా ఫోను చేయనని.

పరిక్రమ దారికి తనవైన స్టేషన్లు కూడా ఉన్నాయని తండ్రికి తరువాత తెలిసింది. రెండు ఒడ్డులా పల్లెలలో, ఆశ్రమాలలో, ధర్మశాలలలో పరిక్రమవాసులకు ఆశ్రయమిస్తారు. వండుకోవడానికి పిండి, పప్పు, బియ్యం ఇవ్వడాన్ని సదావ్రతం అంటారు. ఇచ్చేవారిలో చాలామంది పేదలే. నిన్న రాత్రి ఎక్కడ ఉన్నావు, రేపు ఎక్కడికి పోతావు అని వారు అడుగుతారు. పేరు తెలియని స్టేషన్ మాస్టర్లు వారు.

ఆ నదిని నడిచి వ్రాసినవారిలో అమృత్‌లాల్ వేగడ్ ప్రసిద్ధుడు. శాంతినికేతనంలో నందలాల్ బోసు వద్ద చిత్రకళ నేర్చి, జబల్‌పూర్‌లో స్థిరపడిన ఈ చిత్రకారుడు 1977లో, ఏభయ్యో ఏటికి చేరువలో నడక ప్రారంభించాడు. ఒకే విడతగా కాక, ఏళ్ల తరబడి భాగాలుగా నడిచాడు. ప్రతిసారీ ఇంటికి తిరిగివచ్చి, ఆగినచోటి నుంచి మళ్లీ అందుకున్నాడు. 2018లో మరణించేనాటికి ఆయన పుస్తకాలు నర్మదను ఎందరో పాఠకుల ఇళ్లకు చేర్చాయి. తెలుగువారికి ఇటువంటి రచన పరాయిది కాదు. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య దారి పొడవునా విశేషాలు వ్రాసి మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు పంపుతూ వచ్చాడు. ఆ మిత్రుడు వాటిని జాగ్రత్తపరచినందువల్లనే 'కాశీయాత్ర చరిత్ర' మనకు దక్కింది. దూరాన నడిచేవారి మాటలను భద్రపరచడం కూడా ఇంటివద్ద ఉన్నవారు చేయగల సేవ. మన తండ్రి కూడా ఒక నోటుపుస్తకం తెరిచాడు. తేదీ, ఊరు, ఆమె చెప్పిన ఒక్క మాట. "కాళ్లు బొబ్బలెక్కాయి." "ఈ ఊళ్లో ఒక అవ్వ పాలు ఇచ్చింది." బండ్ల చార్టుకు ఇందులో పోలిక లేదు. గీత గీయడానికి మధ్యలో చుక్కలు చాలవు.

జనవరి మొదట్లో ఆమె శూలపాణి కొండలలో ప్రవేశించింది. అయిదో రోజు గడిచింది, ఫోను రాలేదు. ఆరో రోజు తల్లి అన్నం ముందు కూర్చుని లేచిపోయింది. "పోలీసులకు చెప్పండి, ఈ లెక్కలేమిటి?" అన్నది. అతడు గడియారం చూశాడు, గోడ మీది కాగితం చూశాడు. "ఇంకా ఒక రోజున్నది" అన్నాడు. ఆ మాట అనడానికి అతనికి ఎంత శక్తి కావలసివచ్చిందో ఆమె గ్రహించింది. అందుకే మళ్లీ అడగలేదు. ఏడో రోజు మధ్యాహ్నానికి అతడు కాగితంలోని మొదటి నంబరును వేరే చీటీ మీద వ్రాసుకొని చేతిలో పెట్టుకున్నాడు. సాయంత్రం నాలుగున్నరకు తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. ఒక బడి పంతులుగారి ఫోను. కుమార్తెకు జ్వరం వచ్చి రెండు రోజులు వారి ఇంట పడుకున్నది.

ఆ రోజు ఫోను రాకపోయి ఉంటే? సూర్యుడు అస్తమించిన మరుక్షణం అతడు మొదటి నంబరు తిప్పేవాడు. ఎవెరెట్ రూస్ తల్లిదండ్రులకు లేకపోయినదీ, ఈ తండ్రికి ఉన్నదీ ఆ ఒక్క గడువే. ధైర్యంలో గాని ప్రేమలో గాని వారి మధ్య భేదం లేదు.

పెరిగిన పిల్లలు నడిచే దారులన్నీ నర్మద ఒడ్డున ఉండవు. కొందరు పొరుగు రాష్ట్రాలకు పోతారు, కొందరు సముద్రాలు దాటుతారు. ఏ దారికైనా ఇదే సూత్రం వర్తిస్తుంది. పిల్లలు బయలుదేరే ముందే, ఇరువురూ ఇష్టంగా ఒక గడువు ఏర్పరచుకోవాలి. దాని లోపలి కాలం పిల్లలది. దాని తరువాతి కాలం తల్లిదండ్రులది. ఒకరి కాలంలోకి మరొకరు చొరబడకూడదు.

ఎండాకాలం ముదరకముందే ఆ తండ్రి బిలాస్‌పూర్‌లో ఉదయపు బండి ఎక్కాడు. భన్వర్‌టోంక్ సొరంగం దాటి బండి పెండ్రా రోడ్ చేరింది. అమరకంటకంలో నదికి ఉత్తరపు ఒడ్డు దారిన ఒక చేతికర్ర, ఒక సంచి, నల్లబడిన ముఖం కనిపించాయి. అయిదో రోజున ఎందుకు ఫోను చేయలేదని అతడు అడగలేదు. "బొబ్బలు మానాయా అమ్మా?" అని అడిగి, సంచి అందుకోబోయాడు. ఆమె ఇవ్వలేదు. నది పుట్టినచోటికి ఇంకా కొద్ది దూరమున్నది. అతడు రెండడుగులు వెనుకగా, ఆమె వెంట నడిచాడు.