యతీంఖానా దస్తరాలు వారసుల హక్కు

తాత యతీంఖానాలో పెరిగిన ఇంట వంశవృక్షం ఆయన పేరు దగ్గరే ఆగిపోతుంది. యతీమును పెంచుకున్నా అతని తండ్రి పేరు మార్చరాదన్నది ఇస్లాం నియమం. ఆ పేరును నేటికీ నిలపగలిగినవి ఆనాటి చేరిక రిజిస్టర్లే.

నందిగామ, జగ్గయ్యపేటలు మద్రాసు ప్రెసిడెన్సీలోనివి. ఆ మెట్ట అంచు దాటితే నిజాం రాజ్యం. అటు వెళ్లిన అనాథ జాడను రెండు ప్రభుత్వాల దస్తరాల్లో వెదకాలి. సరూర్‌నగర్‌లోని విక్టోరియా మెమోరియల్ అనాథాశ్రమం గత శతాబ్ది తొలినాళ్లలో, మీర్ మహబూబ్ అలీఖాన్ ఏలుబడిలో వెలసినదే. నిజాం కచేరీలది ఉర్దూ భాష, ఫసలీ లెక్క. 1330 ఫసలీ అంటే 1920-21 అని నేటి యువతకు చెప్పేవారెవరు?

ఇది కేవలం జ్ఞాపకాల ముచ్చట కాదు. 2007 చట్టం ముస్లింలలోని వెనుకబడిన వర్గాలకు బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ కల్పించింది. పూర్వీకుల ఆధారం అడిగితే యతీము మనుమడు ఏ కాగితం చూపాలి?

రెండు తెలుగు రాష్ట్రాల మైనారిటీ సంక్షేమ శాఖలు, వక్ఫ్ బోర్డులు పాత రిజిస్టర్లను చెదలపాలు కాకముందే డిజిటలీకరించాలి. పేర్లను తెలుగులో సూచిక చేయాలి. వారసులకు ధ్రువీకరించిన నకళ్లివ్వాలి. జమాత్ పెద్దలారా, మీ మసీదు బీరువాలు కూడా తెరవండి. యతీము సొత్తును కాపాడటం మన బాధ్యత. అతని పేరు కూడా ఆ సొత్తే.