కొలువుల కొట్లాట బడి నుంచే మొదలుకావాలె

నీళ్లు, నిధులు, నియామకాలు. ఈ మూడు మాటల మీదనే తెలంగాణ ఉద్యమం నిలబడింది. 1969లో పాల్వంచ, కొత్తగూడెంలలో రాజుకున్న నిప్పు కొలువుల కోసం. 1985 డిసెంబర్ 30న వెలువడిన 610 జీవో కొలువుల గురించి. ఆ జీవో కాగితానికే పరిమితమైందన్న ఆగ్రహం పెరిగాక 2001లో గిర్‌గ్లానీ కమిషన్‌ను వేసింది కూడా కొలువుల లెక్క తేల్చడానికే. అదే ఏడాది మే 17న కరీంనగర్‌లో జరిగిన సింహగర్జన మొదలు, 2011లో 42 రోజులు సాగిన సకల జనుల సమ్మె దాకా సభ సభలో మోగిన మాట ఒక్కటే: మా కొలువులు మాకే కావాలె. 2014 జూన్ 2న రాష్ట్రం సిద్ధించింది. మరి ఆ మూడో మాట ఎక్కడిదాకా వచ్చింది?

నియామకాలంటే మనలో చాలామందికి ఇప్పటికీ నోటిఫికేషనే గుర్తుకొస్తుంది. పరీక్ష ఎప్పుడు, పోస్టులెన్ని, ఫలితాలు ఎందుకు ఆగాయి అన్న చర్చే నడుస్తుంది. ఆ చర్చ అవసరమే. దానికోసం రోడ్డెక్కిన నిరుద్యోగుల పక్షాన మేము ఎప్పుడూ నిలబడతాం. కానీ ఒక నిజాన్ని ఒప్పుకోక తప్పదు. నోటిఫికేషన్ పడిన నాడు పోటీలో ఎవరుంటారు, ఎవరుండరు అనేది అప్పటికి పదేళ్ల ముందే, ఊరి బడిలో, ఎనిమిదో తరగతి గదిలోనే సగం తేలిపోతున్నది. రాష్ట్రం మన వాటాను కాపాడగలదు. ఆ వాటాను అందుకునే చేతిని మాత్రం బడే తయారు చేయాలి.

పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలను 2016 అక్టోబర్‌లో ముక్కలు చేసి కొత్త జిల్లాలు ఏర్పాటు చేశారు. కలెక్టరేట్లు దగ్గరయ్యాయి. అవకాశాలు దగ్గరయ్యాయా? జగిత్యాల, సిరిసిల్ల వైపు ఊళ్లకు పోయి, పదో తరగతి తప్పిన పోరగాడు ఏం చేస్తున్నాడని అడగండి. పాస్‌పోర్టుకు పెట్టుకున్నాడన్న జవాబు వినడం మనకు కొత్త కాదు. దుబాయి, మస్కట్, సౌదీల దారి తెలిసినంతగా పక్క పట్నంలోని పాలిటెక్నిక్ దారి మన పల్లెలకు తెలియదు. గల్ఫ్ ఏజెంటు ఇంటికి వస్తాడు. అరుగు మీద కూర్చుని తల్లిదండ్రులతో ఓపికగా మాట్లాడతాడు. చేతిలో పని ఉన్నవానికి అక్కడ జీతమెంత, ఏ పనీ రానివానికి ఎంత అన్నది మాత్రం చెప్పడు. బడి గోడ దాటి మన పిల్లల దగ్గరికి ముందుగా చేరే సలహాదారు గల్ఫ్ ఏజెంటే కావడం మన గోస. ఇక ఉట్నూరు, జైనూరు, తిర్యాణి గూడేలకైతే ఆ ఏజెంటు కూడా పోడు.

అవకాశాలు లేక కాదు. బాసర సంగతే చూద్దాం. పదో తరగతి చదివిన గ్రామీణ పిల్లల కోసమే 2008లో రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం పెట్టారు. మనం ట్రిపుల్ ఐటీ అంటున్నది దానినే. ఆరేళ్లు అక్కడే ఉండి ఇంజనీరై బయటకు రావచ్చు. సర్కారు బడిలో చదివిన పిల్లల వెనుకబాటును లెక్కలోకి తీసుకుని, ఏళ్లపాటు వాళ్ల పదో తరగతి జీపీఏకు 0.4 కలిపి సీట్లు ఇచ్చారు. గోదావరి ఒడ్డున, మన గడ్డ మీద ఉన్న చదువుల గుడి అది. 2022 జూన్‌లో వారం రోజుల పాటు వానలో తడుస్తూ అక్కడి పిల్లలు కనీస వసతుల కోసం ధర్నా చేయవలసి రావడం పాలకులకు సిగ్గుచేటు. ఆ కొట్లాట వేరు. సిర్పూర్ వైపు పల్లెలో మంచి మార్కులు తెచ్చుకున్న ఆడపిల్లకు ఈ సంస్థకు ఎప్పుడు, ఎట్లా దరఖాస్తు చేయాలో చెప్పే మనిషి లేకపోవడం వేరు. వసతుల కోసం సర్కారును నిలదీయాలి. ఈ రెండో లోటును మాత్రం మనమే పూడ్చగలం.

ఎనిమిదో తరగతిలో రాసే ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష మరో ఉదాహరణ. ఏడాదికి మూడున్నర లక్షల లోపు ఆదాయం ఉన్న ఇంటి పిల్లలు అందులో ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏటా 12 వేల రూపాయలు వస్తాయి. కూలి ఇంట్లో ఆ డబ్బు ఒక బాలికను బడిలో నిలబెడుతుంది. ఐటీఐ అంటే పాత లేత్ మిషన్లే అనుకునే రోజులు పోతున్నాయి. రాష్ట్రంలోని 65 ఐటీఐలను కొత్త యంత్రాలతో అధునాతన కేంద్రాలుగా మార్చడానికి 2024లో టాటా టెక్నాలజీస్‌తో కలిసి పని మొదలైంది. అదే ఏడాది హైదరాబాద్‌లో చేనేత సాంకేతిక విద్యాసంస్థ మొదలైంది. దానికి పెట్టిన పేరు మన పాత ఆదిలాబాద్ జిల్లా వాంకిడిలో పుట్టిన కొండా లక్ష్మణ్ బాపూజీది. సిరిసిల్లలో మగ్గం చప్పుడు వింటూ పెరిగిన ఎంతమంది పిల్లలకు ఆ చదువు సంగతి తెలుసు?

అందరి చేతుల్లో ఫోన్లున్నయ్ గద, ఇంకేం తెలియాలె అని కొందరు అంటారు. దేశంలోని పల్లెల్లో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో నూటికి 82 మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చని 2024 అసర్ సర్వే తేల్చింది. వాళ్లలో అంతకుముందు వారం సోషల్ మీడియా చూసినవారు 76 శాతం. చదువు పనికి వాడినవారు 57 శాతం. ఫోను చేతికి వచ్చింది, పని చేతికి రాలేదు. తెలుగులో ఒక పేజీ టైపు చేయడం, లెక్కల పట్టిక తయారు చేయడం, సర్టిఫికెట్‌ను సరైన సైజులో అప్‌లోడ్ చేయడం, ఇంటర్నెట్‌లో చూసిన సమాచారం నిజమో కాదో తేల్చుకోవడం వేరే విద్య. అది రాకనే నెట్ సెంటర్ ముందు మన పిల్లలు వరుస కడుతున్నారు. అక్కడ ఎవరో తొందరలో కులం దగ్గర ఒక అంకె తప్పు నొక్కితే ఒక పిల్లవాని ఏడాది పోతుంది. ఇక కృత్రిమ మేధ రోజులు వచ్చాయి. కీబోర్డే తాకని పిల్లవాడికి, ఇంట్లోనే కంప్యూటర్ ఉన్న పిల్లవాడికి మధ్య దూరం ఇంకా పెరగబోతున్నది.

ఈ చీకట్లో దీపం పట్టుకుని వస్తున్నవాళ్లు కొందరున్నారు. హైదరాబాద్, బెంగళూరు కంపెనీల్లో కొలువు చేస్తూ సెలవు దొరికితే తాము చదివిన బడికి వచ్చి పాఠం చెప్పే మన పిల్లలు వాళ్లు. అమెరికాలో ఉండి ఊరి బడికి కంప్యూటర్లు కొనిచ్చే మనవాళ్లు వాళ్లు. ఇది ఉద్యమం నేర్పిన అలవాటే. 1999లో అమెరికాలో తెలంగాణ డెవలప్‌మెంట్ ఫోరం పుట్టింది కడుపు నిండిన వాళ్ల కాలక్షేపానికి కాదు, ఊరి మీది మమకారంతో. తెలంగాణ ఐటీ ఉద్యోగుల సంఘం టీటా, డిజిథాన్ పేరుతో కంప్యూటర్ అక్షరాస్యతను పల్లెలకు తీసుకుపోయే పని చేపట్టింది. 2005లో మొదలైన స్వేచ్ఛ సంస్థ వాలంటీర్లు కంప్యూటర్‌కే తెలుగు నేర్పారు. లైసెన్సు రుసుము లేని సాఫ్ట్‌వేర్‌తో, తెలుగు తెరతో నడిచే వ్యవస్థను తయారు చేశారు. సర్కారు బడి పిల్లవాడికి ఇంగ్లీషు భయం లేకుండా కంప్యూటర్ ముందు కూర్చునే దారి చూపారు. వీళ్లందరికీ మా వందనం.

అయితే పని ఎట్లా నిలబడుతుందో చెప్పే పాఠం ఒకటి మన అడవిలోనే ఉంది. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీం నేలకొరిగాక నిజాం సర్కారుకు గోండుల గోస పట్టించుకోక తప్పలేదు. మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి, 1943లో అక్కడ గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలయ్యేలా చేశారు. బయటి నుంచి పంతుళ్లను దింపలేదు. గూడెం యువకులనే తయారు చేశారు. గోండి భాషలో వాచకాలు అచ్చు వేశారు. అక్కడ చదివినవాళ్లే తమ గూడేలకు పంతుళ్లయ్యారు, కొందరు సర్కారు కొలువుల్లోకి వెళ్లారు. మన పిల్లలకు మనవాళ్ల చేత, మన మాటలో నేర్పితే విద్య వేళ్లూనుతుందని మార్లవాయి ఎనభై ఏళ్ల కిందటే చూపింది. ఇవాళ కంప్యూటర్ విద్యకైనా సూత్రం అదే.

దీనికి తలకిందులైన పని సమైక్య పాలనలో చూశాం. 2008లో రాష్ట్రంలోని 5 వేల ఉన్నత పాఠశాలలకు కంప్యూటర్లు ఇచ్చారు. నేర్పే పనిని ఐదేళ్ల కాంట్రాక్టు మీద ప్రైవేటు సంస్థల చేతిలో పెట్టారు. చాలీచాలని జీతానికి పనిచేసిన కంప్యూటర్ టీచర్లు 2013లో కాంట్రాక్టు ముగియగానే రోడ్డున పడ్డారు. గదులకు తాళాలు పడ్డాయి, యంత్రాలకు దుమ్ము పట్టింది. యంత్రాన్ని ఉంచి మనిషిని తీసేస్తే అంతే జరుగుతుంది. రాష్ట్రం వచ్చాక 2022లో 26,065 బడుల కోసం మన ఊరు-మన బడి ప్రకటించారు. అందులో డిజిటల్ వసతులూ చేర్చారు. 2023 డిసెంబర్‌లో ప్రభుత్వం మారింది, పథకం పేరూ మారింది. పేర్లతో మాకు పనిలేదు. ప్రతి ఉన్నత పాఠశాలలో కంప్యూటర్ నేర్పే ఒక శాశ్వత పోస్టు ఉండాలి. కెరీర్ సలహా చెప్పడానికి మండలానికి ఒకరైనా ఉండాలి. స్వచ్ఛంద సేవ ఉంది కదా అని సర్కారు చేతులు దులుపుకుంటే ఊరుకునేది లేదు. వాలంటీర్ బడికి తోడు మాత్రమే, పంతులుకు బదులు కాదు.

వాలంటీర్లకు కూడా మేము చనువుతో కొన్ని మాటలు చెప్పదలచుకున్నాం. ఒక్కరోజు వచ్చి, బ్యానర్ కట్టి, ఫొటో దిగి పోయేది సేవ కాదు. పిల్లలు మరునాడు కూడా ఎదురుచూస్తారు. ఒకే బడిని పట్టుకోండి, ఏడాది పొడుగునా రండి. అక్కడి పంతులుకు ముందు నేర్పండి, మీరు రాని నాడు ఆయనే నేర్పుతారు. నాలుగు కంప్యూటర్లున్న గదిలో మౌసు మొగపిల్లల చేతిలోనే ఉంటుంది, ఆడపిల్లలు వెనుక నిలబడి చూస్తుంటారు. ముందు వాళ్లను కూర్చోబెట్టండి. కొలువంటే సాఫ్ట్‌వేర్ ఒక్కటే అన్నట్టు మాట్లాడకండి. నర్సు, ల్యాబ్ టెక్నీషియన్, సర్వేయర్, వ్యవసాయ డిప్లొమా, సింగరేణి అప్రెంటిస్ అన్నీ చెప్పండి. మీరు గెలిచిన కథే కాదు, ఫెయిలైన రోజులు కూడా చెప్పండి. ఫీజు కట్టలేక ఎంత తండ్లాడారో, ఇంగ్లీషు రాక మొదటి ఇంటర్వ్యూలో ఎట్లా మూగబోయారో చెప్పండి. పిల్లలకు ధైర్యం వచ్చేది ఆ మాటల్లోనే.

ఉద్యోగులకు ఒక విన్నపం. 2011 సెప్టెంబర్ 13 నుంచి 42 రోజులు జీతం వదులుకుని సమ్మె చేసిన జాతి మనది. రాష్ట్రం కోసం 42 రోజులిచ్చిన వాళ్లం, ఊరి బడి కోసం ఏడాదికి 42 గంటలు ఇవ్వలేమా? నెలకు నాలుగు గంటలు కూడా కాదు. ఎన్జీవో అయినా, పంతులైనా, సింగరేణి కార్మికుడైనా, ఐటీ ఉద్యోగి అయినా తాను చదివిన బడి గడప ఒకసారి తొక్కాలి. శాతవాహన, బాసర విద్యార్థులకూ ఇదే చెబుతున్నాం. మీ కన్నా ఐదేళ్లు చిన్నవాడికి దారి చెప్పడానికి డిగ్రీ పట్టా చేతికి వచ్చేదాకా ఆగాల్సిన పనిలేదు.

2009 డిసెంబర్‌లో లాఠీలకు ఎదురు నిలిచిన విద్యార్థులలో మేమూ ఉన్నాం. అప్పుడు ఊరూరా తిరిగి తెలంగాణ ఎందుకు కావాలో చెప్పాం. కరపత్రం పట్టుకుని బడి ముందు నిలబడ్డాం. ఇప్పుడు అదే బడికి మళ్లీ పోవలసిన పని పడింది. ఈసారి చెప్పవలసింది తెలంగాణ వచ్చింది గనుక, ఇందులో నీ చోటు ఎక్కడుందో, అక్కడికి ఎట్లా పోవాలో. 2020 జూలైలో కరీంనగర్‌లో ఐటీ టవర్ తెరిచారు. మానేరు ఒడ్డున ఉన్న ఆ అద్దాల మేడ ముందు నుంచి సర్కారు బడి పిల్లలు నడిచి పోతుంటారు. లోపల ఏం పని జరుగుతుందో వాళ్లకు ఎవరు చెప్పాలె? మనమే చెప్పాలె. లోపలి కుర్చీలో వాళ్లు కూర్చున్న నాడే మూడో మాట నిజమైనట్టు.

జై తెలంగాణ!