"తాగి చచ్చారు" అనే మాట ఇక చాలు



కల్తీ సారా చావుల వార్త వచ్చిన ప్రతిసారీ కింద ఒకే రకం కామెంట్లు. "వాళ్ళంతే, తాగి చచ్చారు." మా ఇళ్లలో కాలేజీ గడప తొక్కిన మొదటి తరం మేము. ఈ మాటకి జవాబు చెప్పాల్సింది కూడా మేమే.

2019 ఫిబ్రవరిలో అస్సాం గోలాఘాట్, జోర్హాట్ జిల్లాల్లో 150 మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది తేయాకు తోటల కూలీలు, ఆడవాళ్ళు కూడా ఉన్నారు. ఒకప్పుడు మధ్య భారతం అడవుల నుంచి తోటలకి తరలించిన ఆదివాసీల వారసులు వాళ్ళు. అక్కడ వాళ్ళకి ఎస్టీ హోదా కూడా లేదు. 2024 జూన్‌లో తమిళనాడు కళ్ళకురిచ్చిలో 60 మందికి పైగా పోయారు.

వీళ్ళని చంపింది మిథనాల్. రంగులు, థిన్నర్ల పరిశ్రమల్లో వాడే స్పిరిట్ అది. చవకగా దొరుకుతుందని సారాలో కలుపుతారు. వాసన చూసినా, రుచి చూసినా తేడా తెలీదు. ఒంట్లోకి వెళ్ళాక అది ఫార్మిక్ ఆమ్లంగా మారి, కణాలు ఆక్సిజన్ వాడుకోకుండా అడ్డుపడుతుంది. ముందు కంటి నరం దెబ్బతింటుంది. తర్వాత మెదడు లోతుల్లో కుడి, ఎడమ రెండు వైపులా ఉండే పుటామెన్ అనే భాగం చచ్చిపోతుంది. కొందరికి ఆ రెండు చోట్లా రక్తస్రావం అవుతుంది. బతికినా కొందరికి చూపు ఉండదు, కొందరికి కాళ్ళు చేతులు బిగుసుకుపోతాయి.

ఇప్పుడు చెప్పండి, ఇది తాగుడా, విషప్రయోగమా? అన్నంలో ఎవడో విషం కలిపితే "తిని చచ్చారు" అంటారా?

ఇంకో అబద్ధం కూడా ఉంది. అన్నిటినీ కలిపి "నాటు సారా" అని మన ఇప్ప పువ్వు మీదకి తోసేస్తారు. ఇప్ప సారా మంచిదని మేము అనట్లేదు. అది ఎన్ని ఇళ్ళు ముంచిందో మన అమ్మల్ని అడిగితే చెప్తారు. కానీ డ్రమ్ముల్లో వచ్చే మిథనాల్ ఏ ఇప్ప చెట్టుకీ కాయదు. అది ఫ్యాక్టరీ నుంచి గోడౌన్ దాటి, చెక్‌పోస్టు దాటి వస్తుంది. కేసు మాత్రం కుండ పెట్టిన ముసలమ్మ మీద పడుతుంది.

దీనికి వైద్యం ఉంది. ఫోమెపిజోల్ గానీ, డాక్టర్ల చేతిలో కొలిచి ఇచ్చే ఇథనాల్ గానీ, బైకార్బొనేట్, డయాలసిస్. కానీ టైం ముఖ్యం. లక్షణాలు చాలాసార్లు 12 నుంచి 24 గంటల తర్వాత గానీ బయటపడవు. కడుపునొప్పి, వాంతులు, కళ్ళ ముందు పొగమంచు కమ్మినట్టు ఉంటే పొద్దున్నదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి. కలిసి తాగిన వాళ్ళు బాగానే ఉన్నా సరే, వాళ్ళనీ తీసుకెళ్ళండి. ఇంట్లో ఇంకో గ్లాసు పోసి విరుగుడు అనుకోవద్దు.

మన డిమాండ్లు రెండు. ఏజెన్సీ ఏరియా ఆసుపత్రుల్లో ఈ మందులు, డయాలసిస్ ఉండాలి. 1996 పెసా చట్టం మత్తు పదార్థాల అమ్మకాన్ని నియంత్రించే, నిషేధించే అధికారం గ్రామసభలకి ఇవ్వాలని చెప్పింది. ఆ అధికారం కాగితం మీద నుంచి ఊళ్ళోకి రావాలి. సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు ప్రతి ఒక్కరం గ్రామసభలో ఈ మాట ఎత్తుదాం.

మన చావుకి మనల్నే ముద్దాయిల్ని చేస్తే ఊరుకోం.

జై ఆదివాసీ!