‘15 రెట్లు ప్రమాదకరం’ అన్న వైరస్ ఏమైంది? హైబ్రిడ్ రకాల వార్తలు చదివేముందు విశాఖ అనుభవం గుర్తుంచుకోండి

2021 మే మొదటి వారం. కొవిడ్ రెండో వేవ్‌తో విశాఖపట్నం అల్లాడుతున్న రోజులు. అప్పుడే ‘ఏపీ స్ట్రెయిన్’ అనే మాట పుట్టింది. ఇది 15 రెట్లు ప్రమాదకరమని, విశాఖను కుదిపేస్తోంది ఇదేనని ప్రచారం సాగింది. ఏపీ, తెలంగాణల నుంచి వచ్చేవారికి ఢిల్లీ ప్రభుత్వం 14 రోజుల క్వారంటైన్ నిబంధన పెట్టింది.

అసలు ల్యాబ్‌లో ఏం తేలింది?

ప్రచారంలో ఉన్న ఆ రకం పేరు ఎన్440కె. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు దీన్ని వేరుచేసి, అంతకుముందున్న రెండు రకాలతో పోల్చారు. పెద్దపేగు నుంచి తీసిన క్యాకో-2 కణాల్లో ఇది ఏ2ఏ రకం కంటే 10 రెట్లు, ఏ3ఐ కంటే 1000 రెట్లకు పైగా ఎక్కువగా పెరిగింది. అంటే వాళ్లు కొలిచింది కణాల్లో వైరస్ పెరుగుదలను మాత్రమే. రోగి ప్రాణానికి ముప్పు ఎంత అన్నది ఆ ప్రయోగం చెప్పదు.

మరి జనంలో?

అక్కడ లెక్క తిరగబడింది. దక్షిణాదిలో ఎన్440కె అప్పటికే తగ్గుముఖం పట్టిందని సీసీఎంబీ శాస్త్రవేత్తలే చెప్పారు. దాని స్థానాన్ని బీ.1.617 కుటుంబం ఆక్రమించింది. అందులోని డెల్టానే రెండో వేవ్‌ను నడిపించింది. డిష్‌లో గెలిచింది ఊళ్లో ఓడిపోయింది.

హైబ్రిడ్ వైరస్ అంటే?

ఎన్440కె హైబ్రిడ్ కాదు, ఒక మ్యుటేషన్. ఒకే మనిషికి ఒకేసారి రెండు రకాలు సోకి, వాటి జన్యుపదార్థం కలిసిపోతే పుట్టేది హైబ్రిడ్. 2022లో వచ్చిన ఎక్స్‌బీబీ అలాంటిదే. ఒమిక్రాన్ బీఏ.2కు చెందిన రెండు ఉపరకాలు కలిసి పుట్టింది.

పేరు వినగానే నమ్మేయకూడదు. ల్యాబ్‌లో రెండు శాంపిళ్లు కలిసిపోయినా హైబ్రిడ్‌లాగే కనిపిస్తుంది. 2022 జనవరిలో సైప్రస్ ప్రకటించిన ‘డెల్టాక్రాన్’పై వచ్చిన అనుమానం ఇదే. నిజమైన డెల్టా-ఒమిక్రాన్ హైబ్రిడ్‌ను ఆ తర్వాత మార్చిలో ఫ్రాన్స్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ ధ్రువీకరించింది.

ఎలా తేలుస్తారు?

ఆర్‌టీ-పీసీఆర్ వైరస్ ఉందో లేదో చెబుతుంది. జీనోమ్ సీక్వెన్సింగ్ అది ఏ రకమో చెబుతుంది. దాని గుణం తెలియాలంటే సజీవ వైరస్ కావాలి. గట్టి భద్రత ఉన్న బీఎస్ఎల్-3 ల్యాబ్‌లో శాంపిల్‌ను కణాలపై వేసి వైరస్‌ను పెంచుతారు. తర్వాత అన్ని రకాలనూ ఒకే మోతాదులో, ఒకే రకం కణాలపై, ఒకే సమయం ఉంచి లెక్కిస్తారు.

దారిలో చల్లదనం తగ్గితే వైరస్ చనిపోవచ్చు. అప్పుడు జన్యుక్రమం చదవగలిగినా వైరస్‌ను పెంచలేరు. విశాఖ నుంచి హైదరాబాద్ 600 కిలోమీటర్లకు పైనే. ఏపీకి సొంత జీనోమ్ సీక్వెన్సింగ్ ల్యాబ్ 2022లో విజయవాడ సిద్ధార్థ వైద్య కళాశాలలో వచ్చింది. విదేశీ నౌకలు ఆగే పోర్టు నగరానికి ఇలాంటి సదుపాయం ఎంత దగ్గరుంటే అంత మేలు.

మీరేం చూడాలి?

‘ఇన్ని రెట్లు’ అని వార్త వస్తే మూడు విషయాలు అడగండి. కొలిచింది కణాల్లోనా, మనుషుల్లోనా? దేనితో పోల్చారు? మీ జిల్లా శాంపిళ్లలో ఆ రకం పెరుగుతోందా, తగ్గుతోందా? మూడో ప్రశ్నకు జవాబు లేకుండా క్వారంటైన్ నిబంధన పెడితే భారం పడేది ప్రయాణికుడి మీదే.