దారి యిచ్చువారిదే దారి

ఒక దేశపు సంస్కారమును తెలిసికొనగోరువారు అచటి రాజమార్గములను చూచిన చాలదు. ఊరి పొలిమేర దాటి పొలములలోనికి, కొండలలోనికి పోవు సన్నని దారులను కూడ చూడవలెను. రాజమార్గమును ప్రభుత్వము వేయును. సన్నదారిని ప్రజల పాదములు వేయును. రాజమార్గముపై ఎవరు ఎటు పోవలెనో చెప్పుటకు రక్షకభటుడు నిలిచియుండును. సన్నదారిపై ఎదురుపడిన యిద్దరిలో ఎవరు ఒదిగి నిలువవలెనో చెప్పువాడు ఎవడును ఉండడు. మనుష్యుని సంస్కారము బయటపడునది అచటనే. ఇంగ్లండులోని కొండదారులపై సైకిళ్లు నడుపుటను గూర్చి యేండ్ల తరబడి సాగుచున్న వివాదము పైకి వినోదమునకు సంబంధించినదిగా కన్పట్టినను, నిజమునకు ఈ ప్రశ్నకు సంబంధించినదే.

ఉత్తర ఇంగ్లండున, వెస్ట్ యార్క్‌షైరులో, కాల్డర్ నది లోయలో హెబ్డెన్ బ్రిడ్జి అను చిన్న పట్టణము కలదు. లోయ యిరుకైనది, కొండవాలు నిటారైనది. అందుచేత 19వ శతాబ్దిలో మిల్లు కార్మికులకై ఇండ్లు కట్టినపుడు ఒక యింటిపై మరియొక యింటిని పేర్చి, క్రింది యింటికి లోయవైపునను పై యింటికి కొండవైపునను వాకిళ్లు పెట్టిరి. పట్టణమునకు పేరు తెచ్చిన రాతివంతెన సుమారు 1510 నాటిది. దానిమీదుగా నడచినవి మూటలు మోయు గుర్రములు. వంతెన దాటగనే ‘బట్రెస్’ అను రాళ్లు పరచిన నిట్రమైన బాట, హెప్టన్‌స్టాల్ అను కొండమీది నేతపల్లెకు ఎక్కును. యంత్రములు రాకపూర్వము ఆ కొండలలో వ్యవసాయము చేయువారే మగ్గము కూడ నేసెడివారు. ఉన్నిబట్టను మూటలు గట్టి, గుర్రముల వీపున వేసి, వాటిని ఒకదాని వెనుక ఒకటిగా నడిపించి సంతలకు చేర్చెడివారు. కొండపైని నేల మెత్తనిది. గడ్డి, నాచు యుగముల తరబడి నానగా ఏర్పడిన నల్లని నేల. అందులో గిట్టలు దిగబడకుండ పలకరాళ్లను వరుసగా పరచిరి. తరతరముల రాకపోకలచే ఆ రాళ్లు నడుమ గుంటలుపడి అరిగిపోయినవి. వానపడినపుడు వాటిలో నీరు నిలుచును.

నేడు ఆ దారులపై తిరుగుచున్నవి కొండ సైకిళ్లు. మౌంటెన్ బైకు అని ప్రసిద్ధమైన ఈ వాహనము 1970 దశాబ్దిలో అమెరికాలోని కాలిఫోర్నియాలో రూపుదాల్చినది. వెడల్పైన గరుకు టైర్లు, ఎక్కుడునకు తగిన గేర్లు దీని లక్షణములు. అయితే సైకిలుతో కొండలెక్కు అభిరుచి ఇంగ్లండులో అంతకుముందే కలదు. మామూలు సైకిళ్లతోనే రాళ్లదారులు త్రొక్కువారు 1955లో లెమ్‌స్టర్ అను మరియొక చిన్న పట్టణమున కూడి ‘రఫ్ స్టఫ్ ఫెలోషిప్’ అను సంఘమును స్థాపించుకొనిరి. కావున కొండదారిపై సైకిలును నిన్నమొన్నటి చొరబాటు అనుట చరిత్రకు విరుద్ధము.

హెబ్డెన్ బ్రిడ్జి నుండి బయలుదేరిన సైకిలువాడు కాల్డర్ నదిని దాటి, కాలిస్ వనము గుండ, స్టూడ్లీ పైక్ దిశగా ఎక్కును. నెపోలియను పతనమును పురస్కరించుకొని 1814లో ఆ కొండపై ఒక స్మారక స్తంభమును కట్ట మొదలుపెట్టిరి. అది 1854లో కూలగా, నేడు కనబడు 121 అడుగుల స్తంభమును 1856లో ముగించిరి. దానిని ఒరసికొని పోవు పెన్నైన్ వే అను సుప్రసిద్ధ మార్గము పాదచారులకై 1965లో ప్రారంభమైనది. సైకిలువాని దారి దానికి దిగువగా, కొండ నడుమున సాగి మాంకిన్‌హోల్స్ పల్లెకు దిగును. ఆ పల్లెపైని ‘లాంగ్ డ్రాగ్’ అను బాటకు ఒక కథ కలదు. 1861లో అమెరికాలో అంతర్యుద్ధము చెలరేగగా అచటి పత్తి రాక, ఈ ప్రాంతపు మిల్లులు మూతపడినవి. ఆ లోటును కొంతవరకైనను తీర్చినది భారతదేశపు పత్తియే. పని కోల్పోయిన కార్మికులకు కూలి కల్పించుటకై ఆ రోజులలో వేయించిన బాట యిది. ఆకలిగొన్నవారి చేతులు వేసిన దారిపై నేడు కడుపు నిండినవారు విహారమునకు పోవుచున్నారు. ఇందు తప్పేమియు లేదు. కాని దారిని ఎవరు వేసిరో ఎరుగుట, దానిపై నడచు తీరును మార్చగలదు.

శాసనము దృష్టిలో ఈ దారులన్నియు ఒకటి కావు. తెలుగు రైతు గట్టునకును డొంకకును భేదమెరిగినట్లే, ఇంగ్లండు శాసనము కాలిబాటకును గుర్రపుబాటకును భేదము చేయును. కాలిబాటపై నడచుటకు మాత్రమే హక్కు. గుర్రపుబాటపై నడచుటకును, గుర్రమునెక్కి పోవుటకును హక్కు. 1888 నాటి స్థానిక ప్రభుత్వ శాసనము సైకిలును బండ్లలో చేర్చినది. బండియైనందున రాజమార్గమున దానికి చోటు దొరికినది. బండియైనందుననే గుర్రపుబాటపై దానికి హక్కు లేకపోయినది. ఎనుబదియేండ్ల తరువాత 1968 నాటి గ్రామసీమల శాసనము గుర్రపుబాటను సైకిలుకు తెరచినది. కాని ఒక నియమము విధించినది: సైకిలువాడు పాదచారికిని, గుర్రపురౌతుకును దారి యీయవలెను. సైకిలుకు అనువుగా బాటను తీర్చు బాధ్యతను మాత్రము ఆ శాసనము ఎవరిపైనను మోపలేదు. దారి ఉన్నది ఉన్నట్లుగా స్వీకరింపవలెను. ఎదుటివాడు వచ్చినపుడు ఒదగవలెను. ఇంతకంటె సభ్యమైన ఒప్పందము మరియొకటి ఉండబోదు.

చిక్కు వేరొకచోట కలదు. ఏది కాలిబాట, ఏది గుర్రపుబాట అను నిర్ణయము 1949 నాటి శాసనము ననుసరించి జరిగిన సర్వేలలో ఏర్పడినది. గ్రామగ్రామమున స్థానికులు దారులను గుర్తించి పట్టికలు వ్రాసిరి. వాటినిబట్టి పటములు తయారైనవి. కొందరు శ్రద్ధగా వ్రాసిరి. కొందరు చేతికి వచ్చినట్లు వ్రాసిరి. అందుచేత ఒక గ్రామపు పొలిమేరవరకు గుర్రపుబాటగా వచ్చిన దారి, పొలిమేర దాటగనే కాలిబాటగా మారిన ఉదాహరణలు పెక్కు కలవు. శతాబ్దముల తరబడి మూటలగుర్రములు నడచిన దారులు సైతము కొన్ని కాలిబాటల పట్టికలో చేరినవి. పటముపై కాలిబాటకు పొట్టిగీతలు, గుర్రపుబాటకు పొడుగుగీతలు. ఆ గీత పొడవులోని భేదమే నేడు సైకిలువానికి హక్కునిచ్చుచున్నది, హక్కును హరించుచున్నది. ఇంగ్లండులోని దారిహక్కులలో అయిదింట ఒక వంతుకు కొంచెము మించి మాత్రమే సైకిలుకు లభించుచున్నవి. 2000 నాటి శాసనము కొండలను, బీళ్లను ప్రజలకు తెరచినపుడు కూడ ఆ స్వేచ్ఛ కాలినడకకే పరిమితమైనది. స్కాట్లండు 2003లో చేసిన శాసనమో, బాధ్యతతో మెలగు నియమముపై సైకిలువానికి కూడ చాలవరకు భూమిని తెరచినది.

సైకిలుకు వ్యతిరేకముగా చెప్పువారి మాటలలో నిజము లేకపోలేదు. వెనుకనుండి చప్పుడు లేక దూసుకొనివచ్చు సైకిలు వృద్ధుల గుండెలను అదరగొట్టును. గుర్రము బెదరిన రౌతు ప్రాణమునకే ముప్పు. గొర్రెలమందల నడుమ తెరచి వదలిన గేటు రైతునకు నష్టము కలిగించును. వానకాలపు మెత్తనేలపై చక్రము కోసిన గాడి నీటికాలువగా మారును. ఈ ఫిర్యాదులను వినోదద్వేషుల సణుగుడు అని త్రోసివేయుట సైకిలువారికి తగదు. అయితే ఇవన్నియు నడవడికి సంబంధించిన దోషములు; హక్కునకు సంబంధించినవి కావు. బురదలో బూటుకాలు కూడ గుంట చేయును. గేటును తెరచి వదలు పాదచారులు కూడ కలరు. ఒకని అమర్యాదకు ఆ వర్గమునంతటిని దారినుండి వెలివేయుట న్యాయము కానేరదు. అట్లే, మెట్లవలె దిగు ఇరుకైన కాలిబాట కూడ తమకు కావలెననుట సైకిలువారికి న్యాయము కాదు.

ఈ సందర్భమున గమనింపదగిన దృష్టాంతము లేడీ మేరీ టౌన్లీ అను గుర్రపురౌతుది. గుర్రపుబాటల దుస్థితిని లోకమునకు చూపుటకై ఆమె 1986లో నార్తంబర్లండు నుండి డెర్బీషైరు వరకు సుమారు 250 మైళ్లు గుర్రముపై ప్రయాణము చేసినది. ఆ కృషి ఫలితముగా పెన్నైన్ బ్రైడిల్‌వే అను దీర్ఘమార్గము ఏర్పడినది. ఆమె 2001లో మరణించినది. మరుసటి యేట ఆమె పేరిట ప్రారంభించిన 47 మైళ్ల వలయమార్గము హెబ్డెన్ బ్రిడ్జి ప్రక్కనుండియే పోవుచున్నది. ఆమె పోరాడినది గుర్రములకొరకు. ఆ దారి దక్కినది గుర్రములకు మాత్రమే కాదు, సైకిళ్లకును, పాదచారులకును. ఒకరు తమకై కాపాడిన దారి అందరిదగును. ఒకరు ఇతరులకు మూసివేయించిన దారి, రాకపోకలు తగ్గి, పొదలు పెరిగి, కడకు వారికి కూడ దక్కకపోవచ్చును.

కావున చేయవలసినది స్పష్టము. దారి యోగ్యతను నిర్ణయింపవలసినవి దాని చరిత్రయు, వెడల్పును, నేల గట్టితనమును. ఏనాడో తొందరలో గీచిన గీత కాదు. ప్రాచీన పత్రములనుబట్టి గుర్రపుబాటయని నిరూపింపదగిన దారులకు వాటి పూర్వస్థానము నీయవలెను. అట్టి పత్రాధారములపై కోరు సవరణలకు 2000 నాటి శాసనము 2026ను గడువుగా పెట్టినది. తరువాత అది 2031కి జరిగినది. 2024 డిసెంబరులో ఆ గడువును రద్దుచేయు సంకల్పమును ప్రభుత్వము ప్రకటించినది. ఇది హర్షింపదగిన సంకల్పము. ప్రజల దారికి కాలదోషము పట్టింపరాదు. అదే సమయమున, హక్కు పెరిగినకొలది ఒదిగి నిలుచు బాధ్యత పెరుగునని సైకిలువారు ఎరుగవలెను. వేగము గలవాడు వేగము లేనివానికి ఒదగవలెనను నియమము అవమానము కాదు. బలము గలవానికి అదియే అలంకారము.

పూర్వము మూటలగుర్రముల వరుసలో ముందు నడచు గుర్రమునకు గంటలు కట్టెడివారు. ఇరుకు దారిలో, మంచు కమ్మిన కొండమలుపున, ఎదుటినుండి వచ్చువారు ఆ సవ్వడి విని తగిన చోట నిలిచెడివారు. ఒక వరుస నిలిచినపుడే రెండవ వరుస సాగినది. అట్లు సాగినందుననే బట్ట సంతకు చేరినది. నేతగాని యింట పొయ్యి వెలిగినది. నేటి సైకిలుకును ఒక చిన్న గంట కలదు. ‘తప్పుకొనుము’ అను గద్దింపుగా కాక, ‘వచ్చుచున్నాను, నిలిచెదను’ అను పలకరింపుగా దానిని మ్రోగించినచో, అరిగిన ఆ రాళ్లపై ముగ్గురకును చోటు చాలును.