గుండె జబ్బుకు ఈ విటమిన్ గోలీలు మందు కాదు



గుండె జబ్బున్న పెద్దలు రోజూ విటమిన్ ఇ, సి, బీటా కెరోటిన్ వేసుకోవాలన్న మీ పత్రిక వ్యాసంతో ఏకీభవించలేను. బ్రిటన్‌లో గుండె, రక్తనాళాల జబ్బో షుగరో ఉన్న 20,536 మందిలో సగం మందికి ఈ మూడూ ఐదేళ్లు ఇచ్చి చూశారు. గుండెపోట్లలో, మరణాల్లో తేడా లేదని 2002లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది.

మా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల బీడీలు చుట్టే ఊళ్లు. సాంచాల (మరమగ్గాల) మీద పనిచేస్తూ బీడీ తాగిన తాతలు ఎందరో. పొగతాగే మగవాళ్లకు బీటా కెరోటిన్ ఇస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ పెరిగిందని 1994లోనే ఫిన్లాండ్ అధ్యయనం తేల్చింది. రక్తం పలచబడే వార్ఫరిన్ వాడేవారు విటమిన్ ఇ ఎక్కువ మోతాదులో వేసుకుంటే రక్తస్రావం భయం కూడా.

మందుల షాపు ముందు చీటీ పట్టుకుని నిలబడే ముసలమ్మలను చూస్తుంటాను. పైసలు చాలక నెల గోలీల్లో సగమే తీసుకుంటారు, మెరిసే విటమిన్ పట్టీని మాత్రం వదలరు. అక్కడ తగ్గేది బీపీ మందు, కొలెస్ట్రాల్ మందు. నా బాధంతా అదే. విటమిన్లకు జామకాయ, ఉసిరికాయ, టమాటా అంగట్లోనే దొరుకుతాయి.

పెద్దలారా, గుండె మందు ఆపి ఈ విటమిన్ గోలీలు కొనకండి. ఇప్పటికే వాడుతుంటే ఆ పట్టీని ఈసారి డాక్టరుకు చూపించండి.

- ఒక పాఠకుడు, కోరుట్ల